రెండో నంబరు షెడ్డు

రైలు ఇంకా తొమ్మిది రోజులుందనగానే సంచి సర్దడం మొదలుపెట్టింది భూదేవి. ఆకుపచ్చ రెగ్జిన్ సంచి. జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోతుంది, మిగతా సగానికి పిన్నీసులు పెట్టాలి. అడుగున భర్త రాజమల్లు తువ్వాళ్లు రెండు, వాటి మీద తన చీరలు మూడు, పక్కగా మాత్రల డబ్బా. అన్నిటికన్నా పైన, పక్క గదిలో ఉండే దేవదాస్ తెచ్చిచ్చిన పొట్లం. అందులో అతని భార్య ఊర్మిళకి కొన్న పసుపుపచ్చ చీర ఉంది.

"మడత పోకుండ పెట్టు అక్కా," అన్నాడు దేవదాస్ గడపలో నిలబడి. "మడత పోతె పాతది తెచ్చిన్నంటది."

"అట్లంటదా నీ పెండ్లాం?"

"అనది. చూస్తది. అన్నదానికంటె అదే కష్టం."

గోడకి ఆనుకుని కూర్చున్న రాజమల్లు నవ్వాడు. "ఆదివారం గాదు, వచ్చే ఆదివారం పోయే రైలుకు ఇయ్యాల్నే సంచి గట్టిందిరా మీ అక్క. రేపు నన్ను గూడ మడతవెట్టి దాంట్ల పెడ్తది."

భూదేవి పిన్నీసులు పెట్టసాగింది. పోయినేడు మార్చిలో రైళ్లన్నీ ఒక్క పూటలో ఆగిపోయినప్పుడు ఈ గదిలో ఏ సంచీ సర్ది లేదు. ఇప్పుడు మళ్లీ ఏప్రిల్ వచ్చింది. సూరత్ శివారు భేస్తాన్ సందుల్లో రోజుకొక గదికి తాళం పడుతోంది. లాక్‌డౌన్ వస్తుందని కొందరు, రాదని కొందరు. ఆమెకి మాత్రం అసలు భయం కరోనా కాదు. వారం కిందట షెడ్డులో రాజమల్లు తను నడిపే మరమగ్గాన్ని, సాంచని, పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఏమీ చూడటం లేదు. ముఖాన నీళ్లు కొట్టాక లేచి, మొదట అడిగిన మాట, "సాంచ బందు చేసిన్రా?" అని.

అరవై ఏళ్ల మనిషి. ఎనిమిది సాంచలు నడుపుతాడు. మీటరుకింత అని కూలి కాబట్టి సాంచ ఆగితే తను ఆగినట్టే అనుకుంటాడు. నీళ్లు తాగితే బయటికి పోవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగడు. ఆ రాత్రే ఆమె టికెట్లు తీయించింది, ముగ్గురికి. దేవదాస్ పోతేనే రాజమల్లు కదులుతాడని ఆమెకి తెలుసు.

ఊరి నుంచి ఎవరో తెచ్చిన చింతపండు చుట్టిన కాగితం నేల మీద పడి ఉంది. భూదేవి దాన్ని తీసి మోకాలి మీద సాపు చేసింది. బడికి పోని మనిషి, పాత బతుకమ్మ పాటల పుస్తకం ముందు పెట్టుకుని, నోటికి వచ్చిన పాటని అక్షరం అక్షరం పోల్చుకుంటూ చదువు నేర్చుకుంది. సూరత్‌లో తెలుగు కాగితం ముక్క కనపడితే చదవకుండా పారెయ్యదు.

"భూమి సెగ," అని పైకి చదివింది. "బొగ్గు, రాతినూనె కాల్చిన పొగ పైకి పోయి, భూమి చుట్టూ దుప్పటిలా కప్పుకొని ఉన్నది. లోపలి వేడి బయటికి పోదు. ఏటికేడాది..."

"బొగ్గంటె గదేనా?" దేవదాస్ కిటికీలోంచి చూపించాడు. రంగుల మిల్లు చిమ్నీ కనపడుతోంది. గుడ్డ ఉడకబెట్టడానికి అక్కడ పొద్దు మాపు బొగ్గు మండుతుంది. పొద్దున లేస్తే ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి. "మరి రాతినూనె?"

"మన పోగు సుత దానిదేనట. మాస్టర్ పరమేశ్వర్ చెప్పిండు. హజీరా దిక్కు ఫ్యాక్టరీలల్ల నూనెతోటే చేస్తరట," అన్నాడు రాజమల్లు.

దేవదాస్ చిమ్నీ వైపే చూశాడు. "అంటె గా దుప్పటి నేసేది మనమేనా బావా?"

ముగ్గురూ నవ్వారు. భూదేవి నవ్వుతూనే కింది వరసకి పోయింది. "ఏం చేయాలి" అని పెద్ద అక్షరాలు. ఒకటి: రేకుల కప్పు మీద తెల్ల సున్నం వేస్తే ఎండ తిరిగి పైకే పోతుంది, లోపల అయిదారు డిగ్రీలు తగ్గుతుంది. రెండు: మూసి ఉన్న గదుల్లో...

అక్కడికి చిరిగిపోయింది. చింతపండు పొట్లం అడుగంతా వెతికింది. లేదు.

*

షెడ్లు రెండు. ఒకే గోడకి అటూ ఇటూ. ఒకటో నంబరులో రాజమల్లు, రెండో నంబరులో దేవదాస్. పైన రేకులు, పక్కన కిటికీలు. అయితే కిటికీలు తెరవరు, ఫ్యాన్లు వెయ్యరు. గాలి ఆడితే సన్న పోగు లేచి చిక్కుపడుతుంది. రెండు షెడ్ల మధ్య చిన్న గది ఒకటుంది, నూలు పెట్టెలు పెట్టే గది. దానికి ఏసీ. వేడికి నూలు పాడవుతుందని. కండెలు చుట్టే భూదేవి రోజుకి నాలుగైదు సార్లు ఆ గదిలోకి వెళ్లి నూలు తెచ్చుకుంటుంది. తలుపు తియ్యగానే చన్నీళ్ల తొట్టిలో దిగినట్టుంటుంది. తలుపు వెంటనే వెయ్యాలి. లోపల మనిషి నిలబడకూడదు. గోడకి ఒక వేడి కొలిచే గాజు గొట్టం వేలాడదీసి ఉంది. ఎప్పుడు చూసినా ఇరవై ఆరు.

శనివారం ఆమె ఆ గొట్టాన్ని కొంగులో చుట్టుకుని బయటికి తెచ్చింది. ఒకటో నంబరు మధ్యలో, భర్త తలకి పైన మేకుకి తగిలించింది. ఎర్ర గీత పాకుతూ పోయి నలభై ఆరు దగ్గర ఆగింది.

"ఏంది వదినా, మీటరు ఎత్కపోతున్నవ్?" మాస్టర్ పరమేశ్వర్ వచ్చాడు. వీళ్లలాగే అతనూ కరీంనగర్ దిక్కు మనిషే. సాంచలు బాగుచెయ్యడం, షెడ్ల యజమాని సేఠ్ మాట వీళ్లకి, వీళ్ల మాట సేఠ్‌కి చెప్పడం అతని పని.

"నూలుకు ఇరవై ఆరు, మనిషికి నలభై ఆరు. చూసుకో."

"నూలు చెప్పుకోదు వదినా. పాడైతది. మనిషైతె చెప్పుకుంటడు."

"ఇగో, చెప్తున్న మరి." కాగితం తీసి చదివి వినిపించింది. సాంచల చప్పుడులో అరిచి చదవాల్సి వచ్చింది. పరమేశ్వర్ నవ్వుదామనుకున్నాడు గానీ, తన చొక్కా పిండితే నీళ్లు కారేట్టు ఉంది. మార్చి చివరి నుంచి అందరూ పోరితే మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా సాంచలు ఆపడానికి సేఠ్ ఒప్పుకున్నాడు. అయినా పొద్దున పదకొండుకే మనుషులు తేలిపోతున్నారు. సగం మంది ఊళ్లకి పోయారు. ఉన్నవాళ్లు ఒక్కొక్కరు ఇద్దరి సాంచలు చూస్తున్నారు.

సాయంత్రానికి సేఠ్ కప్పుకి సున్నం వెయ్యడానికీ ఒప్పుకున్నాడు. గోడౌను గోడలకని తెచ్చిన సున్నం సంచులు మూలన ఉన్నాయి, వాడుకోండి అన్నాడు. లెక్క పెడితే ఆరు.

*

ఆదివారం పొద్దున దేవదాస్ లుంగీ ఎగగట్టి పీపాలో సున్నం కలిపాడు. ఉత్త సున్నం రేకు మీద నిలవదు, ఆరగానే పొడిగా రాలిపోతుంది. అందుకని గంజి కాచాడు. ఊళ్లో నూలు పడుగుకి పెట్టే గంజి ఎలా కాస్తారో అలాగే, సన్న సెగ మీద, కర్రతో ఒకే దిక్కుకి తిప్పుతూ. వేలితో తీసి రెండు వేళ్ల మధ్య సాగదీసి చూశాడు.

"మా నాయిన గిట్లనే చూసేటోడు," అన్నాడు. "పోగు లెక్క సాగాలె, తెగొద్దు."

కుంచె లేదు. సాంచల కింద ఊడ్చిన తుక్కు పోగుల్ని జానెడు కుచ్చులుగా కట్టింది భూదేవి. అన్నీ పాలిస్టరు పోగులు, నీళ్లు పీల్చవు. సున్నం జారిపోతుంది. లోపల తన పాత నూలు చీర పేలికలు పెట్టి మళ్లీ కట్టింది. అప్పుడు పట్టుకుంది.

ఆరు సంచులు ఒక్క కప్పుకే సరిపోతాయని పరమేశ్వర్ ముందే కొలిచి చెప్పాడు. రెండో దానికి వచ్చే వారం సేఠ్‌ని అడగాలి. దుకాణాలు తెరిచి ఉంటే.

"ఏది ముందు?" అన్నాడు.

నిచ్చెన రెండు షెడ్ల మధ్య ఆనించి ఉంది. ఎటైనా ఎక్కవచ్చు. రాజమల్లు పీపాలోని సున్నాన్నే చూస్తున్నాడు. రెండో నంబరు వాళ్లు ముగ్గురు నీడలో నిలబడి చూస్తున్నారు. ఆ షెడ్డుకి పడమటి ఎండ. మధ్యాహ్నం దాటాక రెండోదే ఎక్కువ కాలుతుందని అక్కడున్న అందరికీ తెలుసు.

"ఒకటో నంబరు," అంది భూదేవి. గొంతు ఆమె అనుకున్నదానికన్నా పైకి వచ్చింది. "అండ్ల ముసలోళ్లున్నరు."

ముసలోళ్లు కాదు, ముసలోడు ఒక్కడే. ఎవరూ ఆ మాట అనలేదు. దేవదాస్ పీపా భుజానికెత్తుకుని నిచ్చెన మీద ఒక కాలు వేశాడు.

"మా బావదే ముందు," అన్నాడు. "ఆయన పడిపోతె ఆయన ఎనిమిది సాంచలు గూడ నా మెడకే పడ్తయి. నా బాగు కోసమే చేస్తున్నలే అక్కా, నువ్వు మొకం గట్ల పెట్టకు."

ఎండ ముదిరేలోపు అయిపోవాలని ఇద్దరు ముగ్గురు ఎక్కారు. రేకు కాలుతోంది. గోనెసంచి పరుచుకుని, దాని మీద మోకాళ్లూని, వెనక్కి వెనక్కి జరుగుతూ వేశారు. కింద నుంచి భూదేవి చూస్తూ ఉంది. తడి సున్నం మొదట బూడిద రంగులో ఉండి, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. పదకొండున్నరకి కప్పంతా తెల్లగా, కళ్లు పెట్టి చూడలేనంతగా మెరిసింది. దాని పక్కన రెండో నంబరు రేకులు తుప్పుపట్టి మరీ నల్లగా కనపడ్డాయి.

దేవదాస్ దిగాడు. కనుబొమల మీద, మీసాల మీద సున్నం. "చూడున్రి, నేను ముసలోన్నయిన. ఇగ నేను సుత ఒకటో నంబరుకు వస్త."

*

సోమవారం మధ్యాహ్నం ఒంటి గంటకి ఒకటో నంబరులో ఎర్ర గీత నలభై దగ్గర నిలిచింది. ఆరు డిగ్రీలు. పరమేశ్వర్ గొట్టాన్ని వేలితో కొట్టి చూశాడు. మళ్లీ నలభై. అక్కడ పనిచేసే ఒరియా మనిషి చెయ్యి పైకెత్తి, రేకుని కింద నుంచి ముట్టుకుని అలాగే ఉంచేశాడు. ఇంతకు ముందు అలా ఉంచితే అరచెయ్యి బొబ్బలెక్కేది.

రాజమల్లు ఆ రోజు అన్నం మొత్తం తిన్నాడు. మంగళవారం గదికి వచ్చి, చెప్పులు విప్పుతూ, "సంచి ఇప్పెయ్యి," అన్నాడు.

"ఎందుకు?"

"ఊర్ల ఏమున్నది? గీడ చల్లగయింది. నువ్వే చేసినవ్ గద."

ఆమె పిన్నీసులు ఒక్కొక్కటే తీసింది. తువ్వాళ్లు తీసింది, చీరలు తీసింది. టికెట్లు మాత్రం రద్దు చెయ్యనివ్వలేదు, మాత్రల డబ్బాలో దాచింది. దేవదాస్ పొట్లం తిరిగి ఇవ్వబోతే అతను తీసుకోలేదు.

"ఉండనియ్యి అక్కా సంచిల్నే. మీరు పోకపోతె నేనొక్కన్ని పోయి ఏం జేస్త? మా కప్పుకు సున్నం వడ్డంక అందరం పోదాం. ఊర్మిళకు ఫోన్ చేసి చెప్పిన."

"ఏమన్నది?"

"ఏమనలే." నవ్వాడు. "ఫోన్ల కనవడదు గద, చూసుడు."

ఆ సాయంత్రమే సేఠ్ వచ్చాడు. మాస్కు గడ్డం కిందికి లాగి, ఒకటో నంబరులో అటూ ఇటూ తిరిగాడు. గొట్టం చూశాడు. "మాసీ, దీన్ని ఏసీ చేసేశావే!" అని భూదేవిని హిందీలో మెచ్చుకున్నాడు. ఆమె సిగ్గుపడింది. ఇరవై ఏళ్లలో ఆయన తనతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. రెండో కప్పు సంగతి అడిగింది. దుకాణం తెరవగానే తెప్పిస్తానన్నాడు. తర్వాత పరమేశ్వర్‌ని పక్కకి పిలిచాడు.

బుధవారం ఒంటి గంటకి సాంచలు ఆగలేదు.

ఒకటిన్నర అయింది. అందరూ తలలెత్తి చూశారు. పరమేశ్వర్ మెయిన్ స్విచ్చు దగ్గర నిలబడి, నేల చూస్తూ చెప్పాడు. "చల్లగయింది గద, ఇగ నడవనియ్యిమన్నడు. మనుషులు సుత తక్కువున్నరు, మాల్ ఆగిపోయింది."

"మాకు చల్లగయింది," అంది భూదేవి. "రెండో నంబరుకు గాలే."

"నాకు తెల్వదా వదినా? రెండిట్లకు ఒకటే మెయిన్. ఒకటి నడిస్తె ఇంకోటి నడుస్తది." గొంతు తగ్గించాడు. "నాలుగు దినాలు ఓర్చుకోమను. సున్నం వస్తది."

భూదేవి కండెల బుట్ట పట్టుకుని రెండో నంబరులోకి వెళ్లింది. గడప దాటగానే ముఖం మీద పొయ్యి మూత తీసినట్టయింది. దేవదాస్ బనీను కూడా విప్పేసి పన్నెండు సాంచల మధ్య తిరుగుతున్నాడు. ఒళ్లంతా చెమట నూనెలా కారుతోంది. ఆమెని చూసి చెయ్యెత్తాడు.

"తమ్మీ," అని చెవి దగ్గర అరిచింది, "నీళ్లు చల్లుకో కింద. మనూర్ల మగ్గం గుంటల చల్లరా? గట్ల."

అతని ముఖం వెలిగింది. "నిజమే అక్కా! మతికే రాలే."

ఊళ్లో గుంటమగ్గం దగ్గర ఎండాకాలం రోజుకి రెండు సార్లు నీళ్లు చల్లుతారు. నూలు పోగు తడి గాలికి తెగదు, మట్టినేల చల్లబడి కాళ్లకి హాయిగా ఉంటుంది. అక్కడ నాలుగు దిక్కులా గాలి. దేవదాస్ రెండు బకెట్లు తెచ్చి సిమెంటు గచ్చు మీద గుమ్మరించాడు. పక్కవాళ్లు కూడా తెచ్చారు. నీళ్లు పడగానే అరికాళ్లు చల్లబడ్డాయి, అందరూ ఒక్క నిమిషం హాయిగా ఊపిరి పీల్చారు. కొద్దిసేపటికి గచ్చు మీద నుంచి సన్నగా ఆవిరి లేచింది. ఆరగానే మళ్లీ చల్లారు. గురువారం అలాగే చల్లారు. పనికి సాయంగా ఉంటుందని భూదేవే ఒక ప్లాస్టిక్ పీపా నిండా నీళ్లు పెట్టించింది.

గురువారం సాయంత్రం ఆమె తెల్ల కప్పు మీదకి చూపు వేసింది. తెల్లదనం అప్పుడే మాసింది. చిమ్నీ నుంచి వచ్చిన నల్లపొడి సన్నగా పేరుకుంది. నిచ్చెన ఎక్కి పొడవాటి చీపురుతో అందినంత మేర ఊడ్చింది. రేపు మళ్లీ పడుతుంది. చిరిగిన కాగితంలో ఆ రెండో మాట ఏమై ఉంటుందా అని ఎందుకో అప్పుడు అనిపించింది. మూసి ఉన్న గదుల్లో... ఏమిటి? కిటికీలు తెరవమనా? మొక్కలు పెట్టమనా?

*

శుక్రవారం రెండున్నరకి కండెలు ఇవ్వడానికి వెళితే దేవదాస్ సాంచ ముందు కదలకుండా నిలబడి ఉన్నాడు. పోగు తెగి సాంచ ఒట్టిగా కొట్టుకుంటోంది. అతను దాన్ని ఆపలేదు. షెడ్డు కిటికీ అద్దాలన్నీ ఆవిరికి మసకబారి ఉన్నాయి. భూదేవి అతని భుజం ముట్టుకుంది. పొడిగా, కాలుతూ ఉంది. బుధవారం కారిన చెమట ఒక్క చుక్క లేదు.

"అమ్మా," అన్నాడు ఆమెని చూసి, "కండెలు అయినయా? నాయిన పిలుస్తున్నడు."

"నేను తమ్మీ, భూదేవక్కను."

"జర జల్ది అమ్మా," అని, తడి గచ్చు మీద పక్కకి ఒరిగిపోయాడు.

ఆమె అరుపు సాంచల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. పరిగెత్తి పరమేశ్వర్‌ని లాక్కొచ్చింది. నేసిన గుడ్డ తాకాలు మోసే తోపుడుబండి మీద పడుకోబెట్టి రోడ్డు దాకా తెచ్చారు. రాజమల్లు వచ్చాడు, దేవదాస్ ముఖం చూశాడు, అతని చెప్పులు తీసి ఆటోలో పెట్టాడు. "నువ్వు గూడ రా," అంది భూదేవి. అతను షెడ్డు వైపు చూశాడు.

"వాని సాంచలు నడుస్తున్నయి," అన్నాడు. "పోగు తెగితె ఎవరు చూస్తరు?"

వెనక్కి వెళ్లిపోయాడు.

ఆసుపత్రి గేటు దగ్గర ఒక మనిషి దేవదాస్ నుదుటి ముందు తుపాకీలాంటిది పెట్టి చూశాడు. అది కీచుమంది. అతను రెండడుగులు వెనక్కి వేసి, డేరా కింద ఉన్న వరస చూపించాడు. జ్వరం ఉన్నవాళ్లకి ముందు కరోనా పరీక్ష.

"గిది జరం గాదు, వడదెబ్బ," అంది భూదేవి. పరమేశ్వర్ హిందీలో చెప్పాడు.

"ఎండలో పనిచేస్తాడా?"

"లేదు. షెడ్డులో."

"నీడన ఉన్నవాడికి వడదెబ్బ ఏమిటి?" అన్నాడు ఆ మనిషి. అతను కోపంగా అనలేదు. నిద్ర లేక ఎర్రబడ్డ కళ్లతో, నిజంగానే అడిగాడు.

వరసలో ముందు ముప్పై మంది ఉన్నారు. భూదేవి తన కొంగు తడిపి అతని రొమ్ము మీద, కాళ్ల మీద వేసింది, అట్టముక్కతో విసిరింది. నలభై నిమిషాలు. అతని ఊపిరి కుక్కపిల్ల ఊపిరిలా వేగంగా ఉండి, తర్వాత నెమ్మదించింది. నెమ్మదించిందని ఆమె సంతోషించింది.

తలనుంచి కాలిదాకా తెల్లటి కిట్టు వేసుకున్న నర్సు ఒకామె వరస వెంట నడుస్తూ వచ్చి ఆగింది. చేతితొడుగుతోనే అతని చంక ముట్టుకుంది. గట్టిగా ఎవరినో పిలిచింది. స్ట్రెచర్ వచ్చింది. నడుస్తూనే అడిగింది, ఎక్కడ పని, లోపల గాలి ఉందా, ఎంత సేపు? పరమేశ్వర్ చెపుతున్నాడు. నీళ్లు చల్లిన మాట కూడా చెప్పాడు, తామేదో జాగ్రత్త తీసుకున్నామని చెప్పినట్టు.

నర్సు ఒక్క క్షణం ఆగింది. ఆ ప్లాస్టిక్ అద్దం వెనక ఆమె ముఖమంతా చెమట. "మూసిన చోట నీళ్లు చల్లారా?" అంది. "గాలి తడిగా ఉంటే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఈ కిట్టులో మాకూ అదే అవుతోంది. పొడి వేడిమికి ఇంకాస్త ఓర్చుకునేవాడు."

తలుపు మూసుకుంది. పరమేశ్వర్ ఆమె మాటల్ని తెలుగులో చెప్పబోయాడు.

"నాకు సమజయింది," అంది భూదేవి.

*

ఊర్మిళకి పరమేశ్వర్ ఫోన్ చేసి సంగతి చెప్పేశాడు. చీకటి పడే వేళకి ఊర్మిళే భూదేవికి చేసింది. మొదట చాలాసేపు ఏడుపే. తర్వాత ఆ ఏడుపు ఆగి, సన్నటి గొంతు వచ్చింది.

"అక్కా, ఒక్కటి చెప్పు. నీళ్లు చల్లుకున్నడా?"

భూదేవి ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"నిన్న ఫోన్ చేసిండు. ఉడుకపోస్తుందన్నడు. మస్తుగ చల్లుకో, మా నాయిన మగ్గం కాడ చల్లినట్టు చల్లుకో, ఇంకో బకెట్ పొయ్యి అని నేనే చెప్పిన. ఇప్పుడు పరమేశ్వరన్న అంటున్నడు, గా నీళ్లతోటే... నా మాట ఇనే చల్లిండా అక్కా?"

దొంగతనం ఒప్పుకోవడానికి వచ్చినవాడికన్నా ముందే ఇంకెవరో ఆ నేరం తమ మీద వేసుకున్నట్టయింది. ఊరుకుంటే చాలు, సగం బరువు అటు పోతుంది. ఫోన్‌లో అవతల ఎవరో పిల్లకి అన్నం తినమని చెపుతున్నారు.

"నీ మాట గాదు చెల్లే," అంది. "బుధవారమే చల్లిండు. నేను చెప్పిన. నేనే చెప్పి చల్లిపిచ్చిన. సున్నం గూడ నేనే మా కప్పుకు వేయిపిచ్చుకున్న. నువ్వు చెప్పేటాళ్లకు అంత అయింది."

అవతల నుంచి మాట లేదు. ఏమీ అనని ఆమె చూపు ఎలా ఉంటుందో దేవదాస్ చెప్పింది గుర్తొచ్చింది. తర్వాత ఫోన్ ఆగిపోయింది.

శనివారం పొద్దున మున్సిపాలిటీ వాళ్లు శ్మశానానికి ఇద్దరినే రానిచ్చారు. రాజమల్లు, పరమేశ్వర్ వెళ్లారు. దూరం నుంచి చూసి, చిన్న అస్థికల కుండ తీసుకుని పదకొండుకి షెడ్డుకి వచ్చారు. కరోనా లేదని కాగితం ఆ తర్వాత వచ్చింది. రాజమల్లు కుండని నూలు గదిలో, పెట్టెల పక్కన, చల్లటి చోట పెట్టాడు. ఎవరూ వద్దనలేదు. వచ్చి తన సాంచల మధ్య నిలబడ్డాడు.

భూదేవి కండెలు చుడుతూ అతన్నే చూస్తోంది. తెగిన పోగు ముడి వేశాడు. కండె మార్చాడు. మళ్లీ ముడి వేశాడు. గోడ గడియారం ఒంటి గంట కొట్టింది. చప్పుడులో అది వినపడదు, ముల్లు చూసుకోవాలి. రాజమల్లు చూశాడు. చేతిలో కండెని జాగ్రత్తగా బుట్టలో పెట్టాడు, చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు, మెయిన్ స్విచ్చు దగ్గరికి నడిచాడు. ఇరవై ఏళ్లలో అతని చెయ్యి దాని మీద పడలేదు. రెండు చేతులా పట్టుకుని కిందికి లాగాడు.

రెండు షెడ్లూ ఒక్కసారే ఆగాయి. ఆ నిశ్శబ్దంలో రేకులు ఎండకి టక్కు టక్కుమనడం మొదటిసారి వినిపించింది.

"బావా," అన్నాడు పరమేశ్వర్.

"నాలుగు కొట్టంగ మల్ల పెడ్త," అన్నాడు రాజమల్లు. "రెండిట్లకు ఒకటే మెయిన్ గద." స్విచ్చు కిందనే, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్లు వచ్చి పక్కన కూర్చున్నారు. రెండో నంబరు వాళ్లు కూడా వచ్చారు. భూదేవి లేచి కిటికీలు ఒక్కొక్కటే తీసింది. తుప్పు పట్టిన గడియలు, రాయితో కొట్టాల్సి వచ్చింది. పరమేశ్వర్ ఫోన్ మోగుతూనే ఉంది. అతను తీయలేదు.

ఆదివారం ఆకుపచ్చ సంచి మళ్లీ సర్దింది. ఈసారి అడుగున దేవదాస్ చొక్కాలు, లుంగీలు, పాత ఫోను. మధ్యలో గుడ్డ చుట్టిన కుండ. పైన మడత పోకుండా పసుపుపచ్చ చీర. చీర మీద ఒక్క క్షణం చెయ్యి వేసి ఉంచింది. పిన్నీసులు పెట్టింది. మూడు టికెట్లలో ఒక్కటి రాజమల్లు జేబులో పెట్టి, "నేను సున్నం కాడ ఉంట," అంది. సేఠ్ పంపిన పది సంచులు ఆ పొద్దునే దిగాయి. గంజి కాచడం దేవదాస్ చూపించినప్పుడు ఆమె చూసింది. వేలితో సాగదీసింది. మొదటిసారి తెగింది. ఇంకాస్త కాచింది.

మే నెల మధ్యలో తుపాను వచ్చి రెండు కప్పుల మీద సున్నమూ సగం కడుక్కుపోయింది. మళ్లీ వేశారు. ఎండాకాలం అయ్యేదాకా ఒంటి గంటకి మెయిన్ కిందికి పడుతూనే ఉంది.

రాజమల్లు పన్నెండు రోజులకి ఊరి నుంచి తిరిగి వచ్చాడు, ఖాళీ సంచితో. దేవదాస్ రాలేదు. అతను పోయింది 2021 ఏప్రిల్ 23, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు.